పెద్ద వయస్సున పరుగు తగునా?



అరువది యేండ్లు దాటినవాడు, తరుమువారెవరును లేకుండ, కూలి ఇచ్చువారెవరును లేకుండ, 21 కిలోమీటర్లు పరుగెత్తుటకు తన దేహమును సిద్ధపరచుకొనుట తగునా, తగదా? ఇది పట్టణవాసుల ప్రశ్నయే గాని మన పల్లె సంఘములలో ఎవరును అడుగు ప్రశ్న కాదని కొందరనుకొందురు. అడుగుచున్నారు. మొదట మేమే అడుగుచున్నాము. పింఛను పుచ్చుకొనుచు, మోకాళ్లు ఇంకను చక్కగా వంగుచుండగా, మిగిలిన బలమును ఏమి చేయవలెనో తెలియక అరుగుమీద కూర్చున్నవారు మనలో ఇంకను కొందరు కలరు. అందుచేత ఈ సంగతిని వాక్యపు వెలుగులో కొంచెము నిదానముగా ఆలోచించుట మంచిదని తోచినది.

దీనిని హాఫ్ మారథాన్ అందురు. పూర్తి మారథాన్ 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908లో లండనులో జరిగిన ఒలింపిక్ పందెములో పరుగెత్తిన దూరమే తరువాత అంతటను స్థిరపడినది. అందులో సగము మన పెద్దల లెక్కలో ఇంచుమించు ఆమడన్నర. ఆమడన్నర నడచుట మన తాతలకు వింత కాదు. సంతకు పోయి మరల చీకటి పడకముందే ఇల్లు చేరినవారు వారు. పరుగు అనునదే వింత. అయినను మన జిల్లాకు అదియు క్రొత్త గాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు అనంతపురములో ప్రారంభించిన ఆర్డీటీ సంస్థకు తోడ్పాటుగా, స్పెయిన్ దేశస్థులును మన జిల్లావారును జట్లుగా కూడి, రాత్రియనక పగలనక వంతులవారీగా సుమారు 170 కిలోమీటర్లు పరుగెత్తు పందెమొకటి 2016లో ఇక్కడనే మొదలైనది.

మేము మొదటి దినమున కాలువగట్టు వెంబడి మెల్లగా పరుగెత్తుచుండగా గొఱ్ఱెల కాపరి యొకడు నిలిచి, "ఏం అయ్యవారూ, యాడికట్ల ఉరుకుతాండారు? వెనకాల కుక్క ఏమన్నా పడిందా?" అని అడిగెను. కుక్క లేదని చెప్పితిమి. "మరెందుకు?" అనెను. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు దొరకలేదు. ఈ వ్యాసమంతయు ఆ కాపరికి చెప్పవలసిన జవాబే అనుకొనుడు.

అతని ప్రశ్నలో ఎగతాళికంటె బరువైనది ఒకటి కలదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడు నేల ఇది. అదియు పడవలసిన వేళ పడదు. వేరుసెనగ విత్తి ఆకాశము వైపు చూచుటయే మన సేద్యము. ఇక్కడ అరువది యేండ్ల స్త్రీ ఎండాకాలమున గడ్డపార పట్టుకొని మట్టి పనికి పోవుచున్నది. ప్రభుత్వము ఆ పనికి ఏ పేరు పెట్టినను మనవారు కరువు పని అనియే అందురు. ఇంట పని ముగించి, బిందె చంకనెత్తుకొని, ఆమె దినమంతయు వేయు అడుగులను లెక్కించినయెడల ఏ పందెగానికిని తీసిపోదు. ఆమె యెదుట మూడు నాలుగు వేల రూపాయల బూట్లు తొడుగుకొని ఊరకయే పరుగెత్తుట సిగ్గుచేటు గాదా? తిన్నది అరుగుటకు ఒకరును, తినుటకై మరియొకరును చెమటోడ్చుట ఒకే బాటమీద జరుగుచున్నప్పుడు క్రైస్తవుడు కన్నులు మూసికొని పోరాదు.

ఈ ఆక్షేపణ సత్యమైనదే. దీనిని త్రోసివేయగల జవాబు మాయొద్ద లేదు. అయితే దానిలోనుండి రావలసిన తీర్పు ఏదని మాత్రము అడుగవచ్చును. ఆమె శ్రమపడుచున్నది గనుక మేము కూర్చుండుట ఆమెకు ఏమి మేలు? మేము అరుగుమీద కూర్చుండి బరువెక్కినంత మాత్రమున ఆమె బిందె తేలిక కాదు. లండను మిషను దినములలో గుత్తి, అనంతపురము ప్రాంతముల సువార్తికులు ఊరినుండి ఊరికి కాలినడకనే పోవుచుండిరి. ఇప్పుడు ఫర్లాంగు దూరములోనున్న దుకాణమునకును మోటారు సైకిలే. చక్కెర వ్యాధియు రక్తపోటును పట్టణములో ఆగిపోక మన గుడిసెల వరకు వచ్చినవి. ముప్పది దాటిన తరువాత దేహము ప్రాణవాయువును వాడుకొను శక్తి పదేండ్లకు సుమారు నూటికి పది వంతుల చొప్పున తగ్గుచుండునని వైద్యులు చెప్పుదురు. ఎడతెగక కదలువారిలో ఆ తగ్గుదల నెమ్మది. వాడని బలము దాచిన ధాన్యము వంటిది కాదు, దాచినకొలది పెరుగదు. అది పూడిక తీయని చెరువు వంటిది.

శరీర సాధకము కొంచెము మట్టుకే ప్రయోజనకరమని పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయములో కలదని కొందరు జ్ఞాపకము చేయుదురు. నిజమే. అయితే మనవారు ఆ మాటను ఏమియు ప్రయోజనము లేదన్నట్టు చదువుచున్నారు. కొంచెము అనగా కొంచెమే, సున్న కాదు. ఆ అపొస్తలునికి పరుగు పందెములు తెలియనివి కావు. ఆయన కొరింథులో ఏడాదిన్నర నివసించెను. ఆ పట్టణమునకు దగ్గరనే ఇస్త్మియా అనుచోట రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరుగుచుండెడివి. అక్కడ గెలిచినవానికి ఇచ్చునది ఆకులతో అల్లిన కిరీటము. ఒకకాలమున ఎండిన ఆకుకూరతోనే అల్లుచుండిరట! వాడిపోవు కిరీటమని ఆయన కొరింథీయులకు వ్రాసినప్పుడు ఆ మాట వినువారికి నవ్వు వచ్చియుండును. అయినను ఆ ఆటగాండ్ర మితమును ఆయన మెచ్చుకొనెను. కిరీటము అల్పమైనదని చెప్పెను గాని వారి క్రమశిక్షణ అల్పమైనదని చెప్పలేదు.

ఇక వయస్సు సంగతి. పరిశుద్ధ గ్రంథములో ఇద్దరు ముసలివారు కలరు. వారిని ప్రక్కప్రక్కన నిలువబెట్టి చూచుట మాకెప్పుడును మేలు చేసినది. మొదటివాడు కాలేబు. యెహోషువ గ్రంథము 14వ అధ్యాయములో ఆయనకు ఎనుబదియైదేండ్లు. నలువది యేండ్లనాడు వేగుచూడ పోయినప్పుడున్న బలమే ఇప్పుడును ఉన్నదని చెప్పి, పల్లపు పొలము అడుగక, అనాకీయులున్న కొండసీమను అడిగెను. రెండవవాడు గిలాదీయుడైన బర్జిల్లయి. సమూయేలు రెండవ గ్రంథము 19వ అధ్యాయములో ఆయనకు ఎనుబదేండ్లు. యెరూషలేమునకు వచ్చి తనయొద్ద ఉండుమని దావీదు రాజు పిలువగా, తినునదాని రుచియు, పాడువారి పాటయు తనకు తెలియుట లేదనియు, రాజునకు భారముగా నుండుట యెందుకనియు చెప్పి, కొంచెము దూరము రాజును సాగనంపి, తనకు బదులుగా కింహామును పంపి, తన ఊరికి మరలిపోయెను.

వీరిలో ఎవరు విశ్వాసి, ఎవరు పిరికివాడు? ఒకడు కొండ ఎక్కెదననెను, ఒకడు ఇంటికి పోయెదననెను; లేఖనము ఇద్దరిలో ఒకరినైనను తప్పుపట్టలేదు. ఎందుచేత? ఇద్దరును తమ దేహమును గూర్చి ఉన్నదున్నట్టు చెప్పిరి. కాలేబు ముసలితనమును నటించలేదు, బర్జిల్లయి యౌవనమును నటించలేదు. మన పల్లెలలో ఈ రెండు నటనలును కలవు. యాబది దాటగానే కోడలిచేత నీళ్లు తెప్పించుకొని మూలుగుట పెద్దరికమని కొందరనుకొందురు. కొందరేమో జుట్టునకు రంగు వేసికొని, గుండె నొచ్చుచున్నను ఎవరికిని చెప్పక, మనుమలతో పందెము వేయుదురు. రెండవవారిని జనులు మెచ్చుకొందురు గాని మా దృష్టికి ఇద్దరును ఒకటే.

కనుక మొదట చేయవలసినది పరుగు కాదు. వైద్యుని యొద్దకు పోయి రక్తపోటు, చక్కెర, గుండె పరీక్ష చేయించుకొనుట. మేము అట్లే చేసితిమి. బర్జిల్లయివా, కాలేబువా అని తేల్చుకొనుటకు ఇంతకంటె వినయమైన మార్గము మాకు తోచలేదు. పరుగెత్తవద్దని వైద్యుడు చెప్పియుండినయెడల, ఆ మాటయందును దేవుని చిత్తమును చూచుటకు సిద్ధపడి పోతిమి.

ఇప్పుడు ఆ కాపరి ప్రశ్నకు వత్తము. ఎందుకు? దేహము తగినదై యున్నంత మాత్రమున చాలునా? సమూయేలు రెండవ గ్రంథము 18వ అధ్యాయములో అహిమయస్సు కథ చదువుడు. అబ్షాలోము చచ్చిన దినమున ఈ యౌవనుడు రాజునొద్దకు పరుగెత్తుటకు సెలవడిగెను. చెప్పుటకు తగిన వార్త లేదు గదా, నీవెందుకు పరుగెత్తవలెనని యోవాబు అడిగెను. ఏమైనను సరే పరుగెత్తెదననెను. కూషీయుడు ముందుగా బయలుదేరినను, ఇతడు మైదానపు మార్గమున పోయి వానిని దాటెను. గుమ్మముమీది కావలివాడు దూరమునుండియే ఆ పరుగు తీరును చూచి ఇతడు అహిమయస్సే అని గుర్తుపట్టెను. ఎంత అందమైన పరుగై యుండును! అయితే కుమారుడు క్షేమమా అని రాజు అడిగినప్పుడు ఇతనికి చెప్పుటకు మాట లేకపోయెను. గొప్ప అల్లరి చూచితిని గాని సంగతి తెలియదనెను. ప్రక్కకు పోయి నిలువుమని రాజు చెప్పెను. పరుగులో గెలిచినవాడు ప్రక్కన నిలువవలసి వచ్చెను.

ఈ కథ మమ్మును చాలా దినములు విడువలేదు. పెద్ద వయస్సున పరుగెత్తువారిలో అనేకులు మరణమునకు భయపడి పరుగెత్తుచున్నారేమో అని మా అనుమానము. హిజ్కియాకు పదునైదేండ్ల ఆయుష్షు అదనముగా దొరికెను. యెషయా గ్రంథము 39వ అధ్యాయము చూచినయెడల, తరువాత ఆయన చేసిన పని తన ఖజానా అంతయు బబులోను దూతలకు చూపుట. ఏండ్లను పొడిగించుకొనుట ఒకటి; ఆ ఏండ్లు దేనికని యెరుగుట మరియొకటి.

లోకములో ఇద్దరు పెద్దవారి పరుగు మాకు చూడతగినదిగా కనబడినది. ఇద్దరును మనవలె సేద్యగాండ్రే. 1983లో ఆస్ట్రేలియా దేశములో సిడ్నీనుండి మెల్బోర్నునకు 875 కిలోమీటర్ల పందెము జరిగినది. అందులో పేరుగల యౌవనుల మధ్య క్లిఫ్ యంగ్ అను 61 యేండ్ల ఉర్లగడ్డల రైతు వచ్చి నిలిచెను. చిన్ననాటినుండి గొఱ్ఱెల వెంట పరుగెత్తి నేర్చిన కాళ్లవి. ఆయన పరుగు పరుగువలె ఉండదు, కాళ్లు ఈడ్చినట్టుండును. ఇతరులు నిద్రించు వేళ ఆయన సాగిపోయి 5 దినముల 15 గంటలలో అందరికంటె ముందు చేరెను. బహుమానపు సొమ్మును తోటి పరుగువారికి పంచి ఇచ్చెను. ఇది విన్న మన గొఱ్ఱెల కాపరులు నవ్వరనుకొందుము.

రెండవవారు ఫౌజా సింగు గారు, పంజాబులోని జలంధరు దగ్గరి పల్లెవారు. 1994లో ఆయన కుమారుడు కన్నులయెదుటనే చనిపోయెను. ఆ దుఃఖమును భరింపలేక, తరువాత లండనులోనున్న మరియొక కుమారునియొద్దకు చేరి, అక్కడ పరుగు ప్రారంభించి, 2000లో 89వ యేట మొదటి మారథాన్ ముగించెను. 2011లో టొరంటోలో, నూరేండ్ల వయస్సున, మరియొకటి ముగించెను. జన్మపత్రము లేదని గిన్నిస్ వారు ఆ రికార్డును ఒప్పుకొనలేదు. మన ముసలివారిని అడిగి చూడుడు. ఫలాని కరువునాడు పుట్టితిమని చెప్పుదురే గాని పత్రము ఎవరికున్నది? 2025 జూలైలో, తన ఊరిలో రోడ్డు దాటుచుండగా వాహనము తగిలి, 114వ యేట ఆయన కన్నుమూసెను. ఆయన మన విశ్వాసమువారు కారు. అయినను ఆయన పరుగులో ఒక వార్త కలదని మాకు తోచును: దుఃఖము మనుష్యుని కూర్చుండబెట్టవలసిన పని లేదు.

లేఖనములలో పరుగును గూర్చిన అధ్యాయములన్నిటిలో మాకు అతి ప్రియమైనది రాజులు మొదటి గ్రంథము 18, 19 అధ్యాయములు. కరువు సీమలో దానిని చదివినట్టు మరెక్కడను చదువలేరు. వాన లేని మూడవ సంవత్సరము. ఏలీయా కర్మెలు కొనమీద మోకాళ్ల మధ్య ముఖముంచుకొని ప్రార్థించుచున్నాడు. సేవకుడు ఏడుమారులు సముద్రము వైపు చూచి వచ్చుచున్నాడు. ఏడవమారు మనుష్యుని చెయ్యియంత మేఘము. ఆషాఢములో పడమటి గాలికి రామగిరి కొండమీది గాలిమరలు గిరగిర తిరుగుచుండగా, మేఘము వచ్చి వచ్చి కురియకయే పోవుచున్న వేళ, ఈ సేవకుని కన్నులు మనకు బాగుగా తెలియును. తరువాత ఆకాశము కారుకమ్మెను, మోపైన వాన కురిసెను. ప్రవక్త నడుము బిగించుకొని అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తెను. ఆ దూరము సుమారు 25 కిలోమీటర్లు. హాఫ్ మారథాన్‌కంటె కొంచెము ఎక్కువే! దానికి ముందు ఆయన సాధన చేసినట్టు వ్రాయబడలేదు. యెహోవా హస్తము ఆయనమీద ఉండెను.

మనవారు సాధారణముగా అక్కడ ఆగి ఆమేన్ చెప్పుదురు. మరుసటి అధ్యాయము కూడ చదువవలెను. రథమును దాటిన ఆ మనుష్యుడే బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలును, నా ప్రాణము తీసికొనుమని దేవుని అడిగెను. దేవదూత ఆయనకు ప్రసంగము చేయలేదు. రొట్టెయు నీళ్లును పెట్టి, నిద్రపోనిచ్చి, మరల లేపి, ప్రయాణము నీ శక్తికి మించినది గనుక తినుమనెను. ఎంత దయగల వైద్యము! ఒకప్పుడు పట్టుదల వలన ఎంత దూరము పోవచ్చునో, తరువాత దేహము దానికి ఎంత బాకీ అడుగునో ఈ రెండు అధ్యాయములలో కలదు. వృద్ధుని విషయములో ఆ బాకీ వడ్డీతో సహా వచ్చును. ఊపిరి నెల దినములలో అలవాటు పడును గాని నరములును కీళ్లును నెలల తరబడి అడుగును. దాహము కూడ వయస్సుతోపాటు మందగించును. దేహము ఎండిపోవుచున్నను నాలుకకు తెలియదు. అందుచేత దాహమైనప్పుడు గాక, వేళకు నీళ్లు త్రాగవలెను. పరుగు దినమునకును పరుగు దినమునకును మధ్య విశ్రాంతి దినము ఉండవలెను. రాత్రి రాగిసంకటి, పప్పు కడుపునిండ తిని, తొమ్మిది గంటలకే పండుకొనవలెను. చాతిలో నొప్పిగాని కన్నులు తిరుగుటగాని కలిగినయెడల, ఇల్లు ఇంకను ఫర్లాంగు దూరమే ఉన్నను, అక్కడనే ఆగవలెను.

ఆదివారపు సంగతి చెప్పక విడువరాదు. మమ్మును అన్నిటికంటె కష్టపెట్టినది అదియే. పట్టణములలో ఈ పందెములు చాలవరకు ఆదివారము తెల్లవారుజామున జరుగును. 2011లో ప్రారంభమైన హైదరాబాదు మారథాన్ కూడ ఆగస్టు నెలలో ఆదివారముననే. రోడ్లు ఖాళీగా ఉండునది అప్పుడే గనుక వారిని తప్పుపట్టలేము. తొమ్మిదింటికెల్ల ముగించి, ఆ పట్టణములోనే ఏదో గుడిలో ఆరాధనకు పోవచ్చును గదా అని మా యింటివారే అనిరి.

ఎరిక్ లిడ్డెల్ గారి సంగతి మీలో అనేకులు విన్నారు. 1924 పారిస్ ఒలింపిక్ పోటీలలో 100 మీటర్ల తొలి పరుగు ఆదివారమున వచ్చుటచేత దానిని మానుకొని, 400 మీటర్లలో 47.6 సెకండ్లలో పరుగెత్తి బంగారు పతకము పొందెను. మరుసటి యేట లండను మిషను పక్షముననే చీనాకు పోయెను. మన గుత్తికి మిషనరీలను పంపిన సంఘమే అది. ఈ భాగము అందరును చెప్పుదురు. చెప్పనిది తరువాతది. యుద్ధ కాలమున జపానీయులు ఆయనను వెయ్‌షియెన్ శిబిరములో నిర్బంధించిరి. అక్కడి పిల్లలు ఆదివారమున హాకీ ఆడుకొనుచు, తీర్పరి లేక కొట్లాడుకొనిరి. మొదట ఆదివారపు ఆటకు రానన్న ఆయనయే మరుసటి ఆదివారము వచ్చి, ఈల పట్టుకొని, వారి మధ్య తీర్పరిగా నిలిచెను. 1945 ఫిబ్రవరి 21న ఆ శిబిరములోనే, 43వ యేట, మెదడులో గడ్డ వలన మరణించెను. తన పతకము కొరకు విడువని ఆదివారమును ఇతరుల పిల్లల సమాధానము కొరకు విడిచెను. ఆయన నియమము సడలినదని కొందరందురు. అది ఎవరి నిమిత్తమో అప్పుడే బయటపడినదని మేమందుము.

మా పరుగు మా నిమిత్తమే గనుక ఆదివారమును దానికి ఇయ్యము. ఇచ్చువారిని నిందింపము, రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయము ఎవని మనస్సులో వానినే రూఢి చేసికొననిచ్చినది. కనుక పట్టణపు పందెమునకు పోము, పతకము వేయువారును ఉండరు. మన ఊరినుండి రెండు గ్రామముల మీదుగా పోయి మరల వచ్చు బాటను కొలిపించితిమి. 21 కిలోమీటర్లకు కొంచెము పైన వచ్చినది. ఆ గ్రామములలో గుడికి రాలేని పెద్దవారు కొందరు కలరు. పొడుగు పరుగు దినమైన శనివారమున వారి గుమ్మమున ఆగి, వారి మందులు, వారి పిల్లల క్షేమము విచారించి, సంఘ వార్త చెప్పి పోవలెనని యుద్దేశము. ఇది పరుగును సమర్థించుకొనుటకు కట్టిన సాకు అని ఎవరైన అనినయెడల కొంతవరకు ఒప్పుకొందుము. మోటారు సైకిలుమీద పోయినను ఆ పని జరుగును గదా! కాని మోటారు సైకిలున్న ఇన్ని యేండ్లలో పోయినవారెందరు?

మొదటి నాలుగు వారములు అరగంట నడకయే. తరువాత ఒక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడక. ప్రభువు నేర్పిన ప్రార్థనను ఊపిరి తెగకుండ పైకి చెప్పగలిగినంత వేగమే వేగము, చెప్పలేకపోయినయెడల నడువవలెను. శనివారపు దూరము వారమునకు ఒక కిలోమీటరు చొప్పున పెరుగును, నాలుగవ వారము తగ్గును. ఈ లెక్కన సంక్రాంతి దాటిన తరువాత, చలి ఉండగానే, ఒక శనివారము పూర్తి దూరము వచ్చును. యెషయా గ్రంథము 40వ అధ్యాయపు చివరి వచనములో ఎగురుట మొదట, పరుగు తరువాత, నడక చివర చెప్పబడినది; చివరిదానికి వచ్చినవారు కూడ మాతో రావచ్చును. తెల్లవారుజామున ఐదు గంటలకు చెరువుకట్ట దగ్గర కలిసికొందుము. వైద్యునికి చూపించుకొని రావలెను. నీళ్ల సీసా ఎవరిది వారే తెచ్చుకొనవలెను.